ఒక స్వరతంత్రి కదలకపోతే: పుర్రె అడుగు నుంచి ఛాతీ దాకా వెతకాల్సిన కారణాలు

జలుబుకు బొంగురుపోయిన గొంతు వారం, పది రోజుల్లో దారికొస్తుంది. ఇది అలా రాదు. మాటతో పాటు గాలి కూడా బయటికి పోతున్నట్టు ఉంటుంది. ఫోనులో అవతలివాళ్లు కాస్త గట్టిగా చెప్పమంటారు, చెబుదామంటే గొంతు లేవదు. ఒక వాక్యం పూర్తికాకముందే మళ్లీ ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది. అన్నం ముద్ద బాగానే దిగుతుంది గానీ మంచినీళ్లో మజ్జిగో తాగితే పొలమారుతుంది. దగ్గితే గాలి తేలిపోతుంది తప్ప దగ్గులో పదును ఉండదు. బిందె ఎత్తబోతే పట్టు దొరకదు. ఇవన్నీ కలిసి ఉన్నట్టుండి మొదలయ్యాయంటే రెండు స్వరతంత్రుల్లో ఒకటి కదలడం మానేసిందేమోనని అనుమానించాలి.

పై నుంచి చూస్తే స్వరతంత్రులు తెరిచిన కత్తెరలా ఉంటాయి. ముందు కొసలు ఒకచోట కలిసి ఉంటాయి, వెనక కొసలు రెండు చిన్న మృదులాస్థుల మీద కూర్చుని విడిపోతూ కలుస్తూ ఉంటాయి. ఊపిరి తీసుకునేటప్పుడు విడిపోతాయి. మాట్లాడేటప్పుడు, మింగేటప్పుడు, దగ్గబోయే ముందు, బరువెత్తడానికి ఊపిరి బిగబట్టినప్పుడు మూసుకుంటాయి. ఒకటి ఆగిపోతే రెండోది తన వంతు మధ్యగీత దాకా వచ్చినా అక్కడ సందు మిగిలిపోతుంది. గాలి పోయేది ఆ సందులోంచే, నీళ్లు జారేది కూడా దానిలోంచే. తంత్రి ఎక్కడ ఆగిందన్నది ముఖ్యం. మధ్యగీతకు దగ్గరగా ఆగితే మాట దాదాపు మామూలుగానే ఉండవచ్చు, మనిషికి తేడా తెలియకపోవచ్చు కూడా. దూరంగా ఆగితే గుసగుసే మిగులుతుంది.

‘పక్షవాతం’ అనగానే మన ఇళ్లలో మూతి వంకర పోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం గుర్తొస్తాయి. స్వరతంత్రి పక్షవాతం అని డాక్టర్ చెప్పగానే మెదడులో రక్తం గడ్డకట్టిందేమోనని కంగారు పడతారు. చాలామందిలో మెదడుకు దీనితో సంబంధం ఉండదు. అలాగని గొంతులోనే ఏదో తేడా జరిగిందనుకోవడమూ పొరపాటే. తంత్రి బాగానే ఉంటుంది, దానికి ఆజ్ఞ మోసుకొచ్చే నరం దెబ్బతింటుంది. ఆ దెబ్బ ఎక్కడైనా తగిలి ఉండవచ్చు. కాబట్టి ‘స్వరతంత్రి పక్షవాతం’ అన్న మాటతో రోగనిర్ధారణ పూర్తి కాదు, వెతుకులాట అక్కడే మొదలవుతుంది.

నరం నడిచే దారి

స్వరపేటిక కండరాలకు ఆజ్ఞలు పదో కపాల నరం నుంచి వస్తాయి. దాన్ని వేగస్ నరం అంటారు. మెదడు కాండం దిగువ భాగంలో మొదలై, పుర్రె అడుగున ఉన్న జుగులర్ రంధ్రం గుండా బయటికి వచ్చి, మెడలో పెద్ద ధమని, పెద్ద సిర పక్కనే కిందికి దిగుతుంది. దారిలో పైనే ఒక కొమ్మ చీలి స్వరపేటికకు వెళుతుంది. స్వరతంత్రిని సాగదీసి గొంతును పై స్థాయికి తీసుకెళ్లే ఒకే ఒక్క కండరాన్ని అది నడుపుతుంది, తంత్రుల పైభాగానికి స్పర్శ కూడా ఇస్తుంది. మిగిలిన కండరాలన్నింటినీ, అంటే తంత్రిని తెరిచేవాటినీ మూసేవాటినీ నడిపేది మరో కొమ్మ. పేరు రికరెంట్ లారింజియల్ నరం. వెళ్లిన దారినే మళ్లీ వెనక్కి వస్తుంది కాబట్టి దీన్ని తిరుగు నరం అనుకుందాం.

ఈ తిరుగుడులోనే అసలు సమస్య ఉంది. వేగస్ నరం స్వరపేటికను దాటి కిందికి పోతుంది. ఎడమ వైపున ఛాతీలోకి దిగాక, బృహద్ధమని వంపు దగ్గర తిరుగు నరం చీలి, ఆ వంపు కింది నుంచి చుట్టుకుని పైకి ఎక్కుతుంది. కుడి వైపున అంత కిందికి పోదు. చేతికి వెళ్లే సబ్‌క్లేవియన్ ధమని కింద చుట్టుకుని వెనక్కి వస్తుంది. ఆ తరువాత రెండూ గాలిగొట్టానికీ అన్నవాహికకూ మధ్య ఉన్న గాడిలో పాకి, థైరాయిడ్ వెనక నుంచి స్వరపేటికలోకి చేరతాయి. చీలిన చోటు నుంచి లెక్కిస్తే ఎడమ తిరుగు నరం సుమారు 12 సెంటీమీటర్లు, కుడిది అందులో సగం. ఇంత చుట్టుదారి ఎందుకంటే, పిండం ఎదిగే తొలి వారాల్లో గుండె మెడకు దగ్గరగా ఉంటుంది. అది ఛాతీలోకి దిగిపోయేటప్పుడు దాని పెద్ద ధమనులు తమ కింద ఉన్న నరాన్ని కూడా కిందికి లాక్కెళతాయి. క్రీస్తుశకం 2వ శతాబ్దంలోనే గేలెన్ ఈ నరాన్ని వర్ణించాడు. అరుస్తున్న పందిలో దాన్ని బిగించి కట్టగానే అరుపు ఆగిపోతుందని అందరి ఎదుటా చూపించాడు.

దారి పొడవు పెరిగినకొద్దీ దెబ్బ తగిలే చోట్లూ పెరుగుతాయి. ఎడమ తంత్రే ఎక్కువగా పడిపోవడానికి కారణం ఇదే. కుడి తంత్రి పడిపోతే ముందు మెడను, మెడ అడుగును, కుడి ఊపిరితిత్తి కొనను చూడాలి. ఎడమది పడిపోతే మెడ, మెడ అడుగుతో పాటు ఛాతీ మధ్యభాగం కూడా లెక్కలోకి వస్తుంది. మిగతా వ్యాసమంతా ఈ దారి వెంట నడకే.

కత్తి తగిలిన చోట

పెద్దవాళ్లలో ఇవాళ మొదటి కారణం ఆపరేషన్లే. చాలా ఆసుపత్రుల లెక్కల్లో మూడో వంతుకు తక్కువ కాకుండా, కొన్నిచోట్ల సగానికి దగ్గరగా ఉంటాయి. వాటిలో ముందు చెప్పుకోవాల్సింది థైరాయిడ్ ఆపరేషన్.

థైరాయిడ్ రెండు తమ్మెలు గాలిగొట్టానికి అటూ ఇటూ అతుక్కుని ఉంటాయి. వెనకవైపు వాటిని పట్టి ఉంచే గట్టి నారను బెర్రీ లిగమెంట్ అంటారు. తిరుగు నరం స్వరపేటికలోకి దూరేది దాని పక్కనుంచే, కొన్నిసార్లు దాని పోగుల మధ్య నుంచి. సర్జన్ తమ్మెను బయటికి తీయడానికి మధ్యకు లాగినప్పుడు, బెర్రీ లిగమెంట్ దగ్గర చిక్కుకుని ఉన్న నరం కూడా తీగలా బిగుసుకుంటుంది. ఎక్కువమందిలో గాయం ఇలాగే అవుతుంది. నరం తెగిపోవడం అరుదు. కంటికి చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఆజ్ఞ మోయడం మానేస్తుంది. కాటరీ వేడి మరో కారణం. రక్తం ఆపడానికి ఆ మూలలోనే కాల్చాల్సి వస్తే, నరానికి ముట్టించకపోయినా వేడి పాకుతుంది. నరాన్ని కింది థైరాయిడ్ ధమని అడ్డంగా దాటే చోట ముడి వేసేటప్పుడు నరం అందులో పడడం ఇంకొకటి. నూటికి ఒకరి కంటే తక్కువమందిలో కుడి నరం అసలు చుట్టుకోకుండా వేగస్ నుంచి నేరుగా స్వరపేటికకు వస్తుంది. చేతికి వెళ్లే ధమని పుట్టుకతోనే వేరే దారిలో పోవడం వల్ల ఇలా జరుగుతుంది. మామూలు చోట వెతికే సర్జన్‌కు ఆ నరం రక్తనాళంలా అడ్డంగా కనిపించి మోసం చేస్తుంది.

అనుభవం ఉన్న చేతుల్లో తాత్కాలిక బలహీనత నూటికి 5 నుంచి 10 మందిలో, శాశ్వతంగా మిగిలేది నూటికి 1, 2 మందిలో లేదా అంతకన్నా తక్కువలో ఉంటుంది. రెండోసారి చేసే ఆపరేషన్లో, క్యాన్సర్ నరానికి అంటుకున్నప్పుడు, గాయిటర్ (ఉబ్బిన థైరాయిడ్) ఛాతీలోకి దిగినప్పుడు ఈ లెక్క పెరుగుతుంది. ఆపరేషన్ మధ్యలో నరాన్ని స్వల్ప విద్యుత్తుతో తట్టి, తంత్రి స్పందిస్తోందో లేదో చూసే మానిటర్లు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి. 1 నుంచి 2 మిల్లీయాంపియర్ల విద్యుత్తుకు 100 మైక్రోవోల్టుల సంకేతం కూడా రాకపోతే నరం పనిచేయడం లేదని తీసుకుంటారు. రెండు తమ్మెలూ తీయాలనుకున్నప్పుడు మొదటి వైపే సంకేతం పోతే రెండో వైపు ముట్టకుండా ఆపేయడం మంచిది. ఈ యంత్రానికి ఉన్న అతి పెద్ద ప్రయోజనం ఇదే అని చెప్పాలి. ఒక తంత్రి పోతే మాట పోతుంది, రెండూ పోతే ఊపిరి దారే మూసుకుపోతుంది.

థైరాయిడ్ ఆపరేషన్ తరువాత వచ్చే బొంగురు ప్రతిదీ పక్షవాతం కాదు. మత్తు గొట్టం వల్ల వాపు రావచ్చు, తంత్రిని సాగదీసే పై కొమ్మ దెబ్బతిని పై స్థాయి స్వరం మాత్రమే పోవచ్చు. పాడేవాళ్లకు, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లకు ఈ రెండోది చాలా బాధ పెడుతుంది, మామూలు సంభాషణలో మాత్రం ఎవరికీ తెలియదు. గొంతు మారిందనిపిస్తే రెండు వారాల నుంచి రెండు నెలల లోపు స్కోప్ (గొంతు లోపల చూసే సన్నని గొట్టం) పెట్టి చూడాలి. ‘ఆపరేషన్ అన్నాక కొన్నాళ్లు ఇలాగే ఉంటుంది’ అని ఆరు నెలలు దాటించడం వల్ల పొలమారిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉంది.

మెడ వెన్నెముకకు ముందు వైపు నుంచి చేసే డిస్క్ ఆపరేషన్లలో గాలిగొట్టాన్ని, అన్నవాహికను గంటల తరబడి పక్కకు లాగి పట్టుకుంటారు. ఆ లాగుడుకు, లోపల ఉబ్బి ఉన్న మత్తు గొట్టానికి మధ్య నరం నలుగుతుంది. మెడలోని కెరోటిడ్ ధమనిని శుభ్రం చేసే ఆపరేషన్లో దెబ్బ తగిలేది వేగస్ నరానికే. అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్లలో నరం వెంట ఉన్న లింఫ్ గ్రంథులను ఒలిచి తీయాలి కాబట్టి ముప్పు చాలా ఎక్కువ. బృహద్ధమని వంపు ఆపరేషన్లు, గుండె బైపాస్, ఎడమ ఊపిరితిత్తి పైభాగం తీసే ఆపరేషన్లు ఎడమ నరాన్ని ఛాతీలోనే దెబ్బతీస్తాయి. గుండె ఆపరేషన్ అయిన మనిషికి గొంతు పోతే, గొట్టం వల్లే అయ్యుంటుందని వదిలేయకూడదు.

మెడకూ ఛాతీకీ సంబంధం లేని ఆపరేషన్ తరువాత, ఉదాహరణకు మోకాలికో పిత్తాశయానికో చేసిన ఆపరేషన్ తరువాత, తంత్రి పడిపోతే బంధువులకు అంతుపట్టదు. మత్తు గొట్టం చివర గాలి నింపే కఫ్ ఉంటుంది. అది గాలిగొట్టంలో కిందికి ఉండకుండా తంత్రుల కిందే ఉబ్బితే, తిరుగు నరం ముందు కొమ్మను థైరాయిడ్ మృదులాస్థికేసి నొక్కుతుంది. కఫ్‌లో పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. నైట్రస్ ఆక్సైడ్ వాడితే ఆ వాయువు కఫ్‌లోకి చొరబడి, మొదట సరిగ్గా నింపిన పీడనాన్ని కూడా పెంచుతుంది. 50 ఏళ్లు దాటినవారు, షుగర్, బీపీ ఉన్నవారు, గొట్టం మూడు గంటలకు మించి ఉంచాల్సి వచ్చినవారు దీనికి త్వరగా లోనవుతారు. ఇలా పడిపోయిన తంత్రి చాలావరకు కొన్ని నెలల్లో తిరిగి కదులుతుంది.

కత్తి తగలకుండా వచ్చినప్పుడు: ఛాతీ, మెడ

ఆపరేషనూ లేదు, దెబ్బా లేదు, అయినా తంత్రి ఆగింది. అప్పుడు అన్నిటికన్నా ముందు అనుమానించి తేల్చుకోవాల్సింది క్యాన్సర్‌ను. గొంతు క్యాన్సర్ ఒక్కటే కాదు, ఛాతీ క్యాన్సర్ కూడా. బృహద్ధమని వంపుకూ ఊపిరితిత్తి ధమనికీ మధ్య చిన్న సందు ఉంటుంది. ఎడమ తిరుగు నరం ఆ సందులోంచే పోతుంది, ఎడమ ఊపిరితిత్తి లింఫ్ గ్రంథులు కొన్ని అక్కడే ఉంటాయి. క్యాన్సర్ ఆ గ్రంథులకు పాకితే నరాన్ని పిండేస్తుంది. దగ్గు లేకుండా, రక్తం పడకుండా, గొంతు మారడమే ఊపిరితిత్తి క్యాన్సర్ మొదటి లక్షణం కావచ్చు. మామూలు ఛాతీ ఎక్స్‌రేలో ఆ సందు గుండె, ధమనుల నీడలో దాగిపోతుంది. ఎక్స్‌రే బాగుందని ఊరుకోవడం ఈ ఒక్క విషయంలో పెద్ద తప్పు. పొగ తాగేవారి విషయంలో మరీ.

కుడి నరాన్ని దెబ్బతీసే ఊపిరితిత్తి కణితి సాధారణంగా కుడి కొనలో ఉంటుంది. దాంతో పాటు భుజం నొప్పి, చేతి లోపలి అంచున తిమ్మిరి, కనురెప్ప వాలడం ఉంటే కొనలో కణితి ఉందన్న అనుమానం బలపడుతుంది. అన్నవాహిక క్యాన్సర్ ఏ వైపు నరాన్నైనా పట్టవచ్చు. అక్కడ పొలమారడం కన్నా ముద్ద అడ్డం పడడం ముందు వస్తుంది.

థైరాయిడ్ గడ్డ విషయంలో ఒక తేడా తెలుసుకోవాలి. మామూలు గాయిటర్ ఎంత పెద్దదైనా నరాన్ని అరుదుగానే ఆపుతుంది, మెల్లగా పక్కకు నెడుతుంది తప్ప. ఆపరేషన్‌కు ముందే గొంతు పోయి ఉండి, ఆ వైపు తంత్రి కదలడం లేదంటే ఆ గడ్డ నరంలోకి చొచ్చుకుపోయిన క్యాన్సర్ అయ్యుండవచ్చు. అందుకే థైరాయిడ్ ఆపరేషన్‌కు ముందు ప్రతి రోగికీ తంత్రులు చూడడం మంచిది. ఆపరేషన్ తరువాత వచ్చిన లోపమా, ముందు నుంచే ఉన్నదా అన్న గొడవ కూడా తీరిపోతుంది.

మన దేశంలో క్యాన్సర్ పక్కనే టీబీని నిలబెట్టి ఆలోచించాలి. ఛాతీ మధ్యలో టీబీ గ్రంథులు ఉబ్బి నరాన్ని నొక్కవచ్చు. పాత టీబీ వల్ల ఊపిరితిత్తి కొన ముడుచుకుపోయి, గట్టిపడిన పొర నరాన్ని లాగవచ్చు. ఎప్పుడో మందులు వాడి మరిచిపోయిన జబ్బు గొంతు రూపంలో మళ్లీ కనిపిస్తుంది. గ్రంథుల ఒత్తిడి వల్ల వచ్చినదైతే టీబీ మందులతో తంత్రి కదిలే అవకాశం ఉంది, మచ్చ లాగడం వల్ల వచ్చినదైతే ఆశ తక్కువ. సీటీలో ఉబ్బిన గ్రంథులు చూసి వెంటనే క్యాన్సర్ అనో టీబీ అనో తేల్చేయకుండా సూదితో ముక్క తీసి పరీక్ష చేయించాలి. ఆ ఫలితం రాకముందే స్టెరాయిడ్లు మొదలుపెడితే టీబీ ముదరవచ్చు, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) అయితే ముక్కలో తేలకుండా పోవచ్చు. సార్కాయిడోసిస్ అనే జబ్బులో కూడా గ్రంథులు సరిగ్గా ఇలాగే ఉబ్బుతాయి.

గుండె కూడా గొంతు తీసేస్తుంది. 1897లో ఆస్ట్రియా వైద్యుడు నోర్బర్ట్ ఓర్ట్‌నర్ మైట్రల్ కవాటం సన్నబడిన రోగుల్లో ఎడమ తంత్రి పడిపోవడం గమనించి, ఉబ్బిన ఎడమ కర్ణిక (గుండె పై గది) నరాన్ని నొక్కుతోందని చెప్పాడు. ఊపిరితిత్తి ధమనిలో పీడనం పెరిగి, ఆ ఉబ్బిన ధమనికీ బృహద్ధమనికీ మధ్య నరం నలగడమే ఎక్కువమందిలో అసలు కారణమని తరువాత అర్థమైంది. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి కవాటాలు పాడైనవారు మన దగ్గర ఇంకా ఉన్నారు కాబట్టి ఆయాసమూ గొంతు మార్పూ కలిసి వస్తే గుండెకు ఎకో (అల్ట్రాసౌండ్ పరీక్ష) చేయించడం న్యాయం. బృహద్ధమని వంపు ఉబ్బి బెలూనులా మారినా ఇదే జరుగుతుంది. వయసు మళ్లిన బీపీ రోగికి ఛాతీ నొప్పితో పాటు గొంతు కూడా హఠాత్తుగా పోతే వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

పైన, పుర్రె అడుగున

దెబ్బ తిరుగు నరానికి తగిలిందా, అంతకంటే పైన వేగస్‌కే తగిలిందా అన్నది నోరు తెరిపించి చూసినా కొంత తెలుస్తుంది. ‘ఆ’ అనమన్నప్పుడు కొండనాలుక ఒక పక్కకు లాక్కుపోతే, అంగిలి రెండో సగం లేవడం లేదని అర్థం. అంగిలికి వెళ్లే కొమ్మ పైనే చీలుతుంది కాబట్టి గాయం పుర్రె అడుగుకు దగ్గరగా ఉందన్నమాట. ఇలాంటివారికి మింగే కష్టం కూడా ఎక్కువ, ఎందుకంటే గొంతు కండరాలు, స్పర్శ రెండూ పోయి ఉంటాయి. జుగులర్ రంధ్రంలో తొమ్మిది, పది, పదకొండు కపాల నరాలు పక్కపక్కనే ఉంటాయి. గొంతుతో పాటు భుజం ఎగరేయలేకపోవడం ఉంటే అక్కడ గ్లోమస్ కణితి (రక్తనాళాలు నిండిన గడ్డ), నరం పొర కణితి, పుర్రె అడుగు ఎముక ఇన్ఫెక్షన్ లాంటివి ఉన్నాయేమో ఎమ్మారైలో చూడాలి. నాలుక ఒక పక్కకు తిరిగితే పన్నెండో నరం కూడా చేరిందన్నమాట.

మెదడు విషయానికొస్తే, పెద్ద మెదడు రెండు సగాలూ రెండు తంత్రులకూ ఆజ్ఞలు పంపుతాయి. ఒక సగంలో స్ట్రోక్ వస్తే తంత్రి ఒక్కటే పడిపోవడం అందువల్ల చాలా అరుదు. మెదడు కాండం పక్క భాగంలో వచ్చే స్ట్రోక్ మాత్రం తంత్రిని ఆపుతుంది. అప్పుడు కళ్లు తిరగడం, వాంతులు, మింగలేకపోవడం, ముఖంలో ఒక వైపు, శరీరంలో రెండో వైపు స్పర్శ తగ్గడం తోడుగా ఉంటాయి. గొంతు ఒక్కటే పోయి మరేమీ లేని మనిషికి మెదడు ఎమ్మారైతో మొదలుపెట్టడం డబ్బు దండగ.

మిగతావి, అసలు కారణమే దొరకనివి

వైరస్‌లు నరాన్ని పట్టగలవు. చెవిలోనో గొంతులోనో నీటిపొక్కులు లేచి తంత్రి పడిపోతే అది సర్పి వైరస్ పని. కొవిడ్ తరువాత పడిపోయిన తంత్రులను కూడా వైద్యులు నమోదు చేశారు. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు నరాలను దెబ్బతీస్తుంది, మందు ఆపితే చాలావరకు తేరుకుంటుంది. మెడకు ఇచ్చిన రేడియేషన్ ఏళ్ల తరువాత నరాన్ని మచ్చలో బిగించవచ్చు. మెడకు తగిలిన దెబ్బలు, రోడ్డు ప్రమాదాలు, ఉరి గాయాలు చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ వెతికాక కూడా ఏమీ దొరకనివారు లెక్కను బట్టి నూటికి 10 నుంచి 30 మంది దాకా ఉంటారు. జలుబో జ్వరమో వచ్చిన కొద్ది రోజులకు పడిపోయిన కేసులు వీరిలో ఉంటాయి కాబట్టి చాలావరకు వైరస్ పనే అనుకుంటున్నారు. వీరిలో సుమారు సగంమందికి ఏడాది లోపు మాట మామూలు స్థాయికి వస్తుంది. తంత్రి కదలిక పూర్తిగా తిరిగొచ్చేవారు అంతకన్నా తక్కువే. కదలిక రాకుండానే మాట ఎలా బాగవుతుందంటే, కొన్ని పోగులు పెరిగి కండరాన్ని కాస్త బిగిస్తాయి, రెండో తంత్రి మధ్యగీత దాటి ఇవతలికి రావడం నేర్చుకుంటుంది. ‘కారణం తెలియనిది’ అన్న ముద్ర సీటీ చూశాక వేయాలి, చూడకముందు కాదు. ముద్ర వేశాక కూడా కొన్ని నెలలపాటు మనిషిని గమనిస్తూ, కొత్త లక్షణం ఏదైనా వస్తే సీటీ మళ్లీ చేయించాలి. మొదటిసారి కంటికి అందని కణితి తరువాత బయటపడిన సందర్భాలున్నాయి.

పక్షవాతం కాని పక్షవాతం

కదలని తంత్రి ప్రతిదీ నరం పోయిన తంత్రి కాదు. స్వరపేటిక క్యాన్సరే కండరంలోకి చొచ్చుకుపోయి తంత్రిని బిగించేయవచ్చు. రుమటాయిడ్ కీళ్లవాతం, తంత్రి వెనక కొస కూర్చునే చిన్న కీలును పట్టేయవచ్చు. మత్తు గొట్టం వేసేటప్పుడు ఆ మృదులాస్థి పక్కకు జరిగిపోవచ్చు. ఈ చివరిదాన్ని వారాల్లోనే గుర్తిస్తే దాన్ని తిరిగి దాని చోట పెట్టగలరు, ఆలస్యమైతే కీలు అక్కడే అతుక్కుపోతుంది. పోల్చుకోవడానికి లారింజియల్ ఈఎంజీ, అంటే స్వరపేటిక కండరాల్లోని విద్యుత్తును కొలిచే పరీక్ష, సాయపడుతుంది. కండరంలో విద్యుత్తు మామూలుగా ఉంటే నరం బతికే ఉంది, చిక్కు కీలులో ఉంది.

పరీక్షలు ఏ వరుసలో

బొంగురు నాలుగు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర స్వరపేటిక చూపించుకోవాలి. పొగ అలవాటు, మెడలో గడ్డ, రక్తం పడడం, బరువు తగ్గడం, ఆయాసం, ఈమధ్యే జరిగిన ఆపరేషన్ ఉంటే నాలుగు వారాలు కూడా ఆగొద్దు. మిరియాల కషాయంతో ఒక నెల, యాంటీబయాటిక్స్‌తో ఒక నెల, ‘గ్యాస్ వల్ల’ అంటూ అసిడిటీ మాత్రలతో రెండు నెలలు గడిచాక స్కోప్‌కు వచ్చేవారు ఎందరో. తంత్రులు చూడకుండా ఈ మందులు రాయడం సరికాదు. ముక్కులోంచి పెట్టే సన్నని వంగే స్కోప్‌కు అయిదు నిమిషాలు పట్టదు, మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు, ముక్కులో స్ప్రే చాలు.

ఇంట్లో చేసుకోగల చిన్న కొలత ఒకటుంది. గట్టిగా ఊపిరి పీల్చి ‘ఆ’ అని ఒకే స్వరంలో ఎంతసేపు పట్టగలరో గడియారంలో చూడండి. ఆరోగ్యవంతులైన పెద్దలు 15 సెకన్లకు పైగా పట్టగలరు. 10 సెకన్ల లోపే అయిపోతుంటే గాలి ఎక్కడో కారుతోందన్నమాట, లేదా ఊపిరితిత్తుల్లోనే బలం లేదు. రోగాన్ని తేల్చడానికి ఇది చాలదు గానీ వారం వారం రాసుకుంటే తేరుకుంటోందో లేదో తెలుస్తుంది.

స్కోప్‌లో తంత్రి కదలడం లేదని తేలాకే సీటీ. కారణం ఆపరేషనే అని స్పష్టంగా ఉంటే సీటీ అవసరం సాధారణంగా ఉండదు. కారణం తెలియకపోతే రంగు మందు ఎక్కించి, పుర్రె అడుగు నుంచి బృహద్ధమని వంపు కింది దాకా తీయాలి. కాగితం మీద ‘సీటీ నెక్’ అని మాత్రమే రాస్తే స్కాన్ మెడ అడుగునే ఆగిపోవచ్చు, ఎడమ నరం చుట్టుకునే చోటే తప్పిపోవచ్చు. ‘ఎడమ తంత్రి పక్షవాతం, నరం దారి మొత్తం చూడాలి’ అని డాక్టర్ చేత రాయించుకుంటే రేడియాలజిస్టుకు ఏం వెతకాలో తెలుస్తుంది. స్కోప్ పెట్టకుండా ముందే సీటీకి పరుగెత్తితే, ప్రయోజనం తక్కువ, గొంతు బొంగురుకు చాలా కారణాలు సీటీలో కనిపించవు.

కారణం తేలాక

నరం సాగి దెబ్బతింటే కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో తేరుకోవచ్చు. లోపలి పోగులు తెగితే అవి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి. ఛాతీలో తగిలిన దెబ్బకు నెలలు పట్టేది అందుకే. అందుకే శాశ్వత చికిత్సకు 9 నుంచి 12 నెలలు ఆగుతారు. పూర్తిగా తెగిందని తెలిసినప్పుడో, క్యాన్సర్ నరాన్ని తినేసినప్పుడో ఆగాల్సిన పని లేదు.

ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. పడిపోయిన తంత్రి పక్కన జెల్ ఇంజెక్షన్ ఇచ్చి దాన్ని మధ్యకు జరపవచ్చు. చాలామందికి అవుట్‌పేషెంట్ గదిలోనే చేస్తారు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ జెల్ రెండు, మూడు నెలలు ఉంటుంది, హయాల్యురోనిక్ ఆమ్లం ఇంకాస్త ఎక్కువ, కాల్షియం హైడ్రాక్సిల్అపటైట్ ఏడాది లేదా ఇంకా ఎక్కువ. నీళ్లకు పొలమారుతున్నవారికి ఇది మాట కోసం మాత్రమే కాదు, ఊపిరితిత్తుల కోసం. ఒకప్పుడు టెఫ్లాన్ ఎక్కించేవారు. అది కరగదు, చుట్టూ గడ్డలు కట్టి తంత్రిని పాడుచేసింది కాబట్టి మానేశారు. తిరిగి కదలదని తేలాక, మెడ మీద చిన్న కోతతో థైరాయిడ్ మృదులాస్థికి కిటికీ తీసి, సిలికాన్ ముక్కనో గోర్‌టెక్స్ పట్టీనో పెట్టి తంత్రిని లోపలికి నెట్టే థైరోప్లాస్టీ చేస్తారు. జపాన్ వైద్యుడు ఇస్షికి దీన్ని 1974లో వివరించాడు. రోగి మెలకువగా ఉండి మాట్లాడుతుంటే, ఆ గొంతు వింటూ ముక్కను సరిచేయడం ఇందులోని అందం. మెడలోని మరో నరాన్ని తెచ్చి అతికే ఆపరేషన్ కూడా ఉంది, ఫలితానికి నెలలు ఆగాలి.

స్పీచ్ థెరపీ నరాన్ని మొలిపించదు. ఉన్న బలాన్ని గొంతు నులుముకోకుండా వాడడం నేర్పుతుంది. నీళ్లు తాగేటప్పుడు గడ్డం కిందికి దించడం, పడిపోయిన వైపుకు తల తిప్పి మింగడం చాలామందికి వెంటనే ఉపశమనం ఇస్తాయి. ఆ వైపు గొంతు సందు మూసుకుని నీళ్లు బాగున్న వైపు నుంచి దిగుతాయి. గుక్క చిన్నదిగా తీసుకోవాలి, పడుకుని తాగకూడదు. జ్వరంతో దగ్గు వస్తే మామూలు జలుబుగా తీసేయకుండా ఛాతీ చూపించుకోవాలి.

మాట బాగుపడినా, తంత్రి కదలడం లేదన్న స్కోప్ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి. ఏళ్ల తరువాత మెడ రెండో వైపు థైరాయిడ్‌కో డిస్క్‌కో కెరోటిడ్‌కో ఆపరేషన్ రావచ్చు. అప్పుడు గొంతు మామూలుగా వినిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బాగున్న ఆ ఒక్క తంత్రికి దెబ్బ తగిలితే, మత్తు గొట్టం తీసిన క్షణం నుంచే ఊపిరాడదు, మెడకు రంధ్రం పెట్టాల్సి వస్తుంది. కత్తి పట్టేముందు సర్జన్‌కూ మత్తు డాక్టర్‌కూ ఆ కాగితం చూపించి, రెండు తంత్రులనూ మళ్లీ ఒకసారి స్కోప్‌లో చూడమని అడగాలి.